ఆవర్తదుర్గపు ఏటవాలు మర

సూర్యుడు నడినెత్తికి చేరడానికి ఇంకా కొంచెం పొద్దుంది. గంధకపు కొండల నడుమ, బోర్లించిన నత్తగుల్లలా చుట్లు చుట్లుగా లేచిన ఆవర్తదుర్గం ఎండలో ధగధగ మండుతున్నది. దాని బురుజులకు సున్నపు పూత లేదు, ఇనుప రేకుల తొడుగు ఉంది. కోటగోడల వెంబడి నాటిన శూలాలకు పుర్రెలు వేలాడుతున్నాయి. వాటి కళ్ళగుంటల్లో గాలి దూరి ఈల వేస్తుంటే, ఆ ఈలకు జడిసి రాబందులు సైతం అక్కడ వాలడం మానుకున్నాయి. అగడ్తలో నీళ్ళకు బదులు బూడిదరంగు బురద కుతకుతలాడుతున్నది. అందులో జారిపడిన ఏనుగు కూడా ఎముకలుగా తప్ప పైకి తేలదని ఆ ప్రాంతపు కాపరులు చెప్పుకుంటారు.

ఆ కోటవైపు, ఆముదపు తిత్తులు మోస్తున్న రెండు గాడిదలను తోలుకుంటూ ఒక నూనె వర్తకుడూ అతని భార్యా వస్తున్నారు. మాసిన తలగుడ్డ, నూనె మరకలతో నల్లబడిన అంగవస్త్రం, ముఖానికి పూసుకున్న మసి చూసి అతన్ని మయూరగిరి యువరాజు జయంధరుడని ఎవరూ పోల్చలేరు. పక్కన నడిచే వజ్రిక అతని భార్య కాదు. మరలు చెక్కడంలో మేటి అనిపించుకున్న సుధన్వాచారి కూతురు. తండ్రి కొలిమిలో పెరిగి, తర్వాత మయూరగిరి సేనలో యంత్రశతఘ్నులకు నాయకురాలైంది.

పక్షం కిందట మాంత్రికుడు ఘూర్ణాక్షుడు మయూరగిరి మీద పిడుగులా పడ్డాడు. వృద్ధరాజు భూరిసేనుణ్ణీ, చేతికి చిక్కిన ప్రజలనూ గొలుసులతో కట్టి ఈ కోటకు ఈడ్చుకొచ్చాడు. ఈ మిట్టమధ్యాహ్నం వాళ్ళను, మర తిప్పి కిందికి దించే మృత్యుశిల అనే మహాబండ కింద నలిపి, ఆ రక్తంలో స్నానం చేస్తే తనకు వజ్రకాయం సిద్ధిస్తుందని వాడి నమ్మకం.

"మరొక్కసారి చెప్పు వజ్రికా," అన్నాడు జయంధరుడు నడక ఆపకుండానే. "మర తిప్పే గడలు తోసేవాళ్ళను నేను నరికేస్తే, ఆ శిల కింద పడదా?"

"పడదు యువరాజా. మర అంటే ఏమిటనుకున్నారు? కొండ చుట్టూ తిప్పి వేసిన బండిదారి. దారి వాలు తక్కువైతే ఆపిన బండి ఆపినచోటే నిలుస్తుంది. వాలు ఎక్కువైతే ఎద్దుల్ని కూడా ఈడ్చుకుంటూ కిందికి దొర్లుతుంది. ఆ మరను చెక్కింది మా నాయన. ఆ మాంత్రికుడు కత్తి మెడమీద పెట్టి చెక్కించినా, వాలు మాత్రం తక్కువే పెట్టాడు. శిల ఎంత బరువైనా, మనుషులు తిప్పితేనే కదులుతుంది. చేయి తీస్తే ఆగిపోతుంది."

"తర్వాత మీ నాయనను..."

"ఆ మర దగ్గరే చంపాడు," అంది వజ్రిక. గాడిదలను అదిలించి ముందుకు తోలింది.

కోటద్వారం దగ్గర ఇద్దరు భటులు బల్లేలు అడ్డం పెట్టారు. వారిలో మీసాలు మెలితిరిగినవాడు గాడిదల చుట్టూ తిరిగి ఒక తిత్తిని బల్లెం కొనతో పొడిచాడు. ఠంగుమని మోగింది.

"ఏందిరా, నూనె ఠంగుమంటాంది?"

"ముద్దకట్టిన ఆముదం అన్నా," అంది వజ్రిక పళ్ళికిలిస్తూ. "దొరగారి మరకు పూయాల. పొద్దు మించితే ఆయన అడిగేది నిన్నే. ఏం మామా, చెప్పవేం?"

భటుడు నవ్వలేదు. బల్లేన్ని బలంగా లాగేసరికి తిత్తి చిరిగి, ఆముదంతో పాటు జయంధరుని ఖడ్గపు పిడి బయటికొచ్చింది. వాడు నోరు తెరిచేలోపే జయంధరుడు వాడి మెడ వంచి, ముఖాన్ని ఆ చిరిగిన తిత్తిలోకి కుక్కాడు. వాడు కాళ్ళతో నేలను తన్నాడు, గోళ్ళతో యువరాజు చేతులు రక్కాడు. ముక్కులోకీ నోట్లోకీ చిక్కటి ఆముదం దిగి, బుడగలు లేచి, చివరికి బుడగలు కూడా ఆగిపోయాయి. రెండోవాడు కొమ్ముబూర పెదవులకు ఆనించాడు. దాన్ని ఊదవలసిన గాలి వజ్రిక గుచ్చిన ఉలి వెంట, గొంతులోంచి నెత్తురుతో కలిసి పోయింది.

శవాలను అగడ్తలోకి దొర్లించి, ఇద్దరూ గాడిదలను లోపలికి తోలారు.

లోపల ఆవరణ నడుమ ఒక రాతివేదిక ఉంది. వేదిక మధ్యలో ఏనుగు నడుమంత లావున్న ఇనుప కడియం, దాని గుండా ఆకాశానికి లేచిన మహాస్తంభం లాంటి మర. నల్లగా నిగనిగలాడే ఆ మర ఒంటిని చుట్టుకుంటూ గాడులు కిందినుంచి పైదాకా కొండచిలువలా పాకాయి. కడియానికి నాలుగు వైపులా తాటిదూలాలంత గడలు బిగించారు. కొరడాలు పట్టుకున్న భటులే ఆ గడలకు భుజాలు ఆనించి గుండ్రంగా నడుస్తున్నారు. కడియం తిరిగినకొద్దీ మర కిందికి దిగుతున్నది. దాని అడుగున వేలాడే మృత్యుశిల, వేదిక కింది గదిలోకి, బందీల నెత్తి మీదికి దిగుతున్నది. ఆ గదికి ఉన్నది ఒకే ద్వారం. నేలకు ఆనుకున్న కురచ ద్వారం, దానికి ఇనుప కటకటాలు.

కటకటాల వెనకనుంచి పిల్లల ఏడుపు వినిపిస్తున్నది. ఒక్క ముసలి గొంతు మాత్రం స్థిరంగా, "వంగండి తల్లీ, ఇంకా వంగండి, భయపడకండి," అంటున్నది. ఆ గొంతును జయంధరుడు వెంటనే పోల్చాడు. అది తండ్రి భూరిసేనునిది.

ఎదురుగా ఎత్తైన మండపంలో ఘూర్ణాక్షుడు నిలబడి ఉన్నాడు. బొంగరాల్లా తిరిగే పచ్చని కనుగుడ్లు, నడుముదాకా వేలాడే జడలు, మెడలో మనుషుల చూపుడువేళ్ళతో గుచ్చిన హారం.

"త్వరగా తిప్పండిరా!" అని వాడు గర్జించాడు. "సూర్యుడు నా కోసం ఆగడు!"

జయంధరుడు ఇక ఆగలేకపోయాడు. చిరిగిన తిత్తిలోంచి ఖడ్గం దూసి, ఒక్క ఉదుటున వేదికపైకి ఎగిరాడు. మొదటివాడి తల గడ మీదనే తెగి, దాని వెంట దొర్లి కిందపడింది. రెండోవాడు కొరడా ఎత్తిన చెయ్యి కొరడాతో సహా గాలిలోకి ఎగిరింది. మూడోవాడు కత్తి దూసేలోపే పొట్ట చీలి, పేగులు చేతుల్లో పట్టుకుని కూలబడ్డాడు.

వజ్రిక అతని వెనకే వేదిక ఎక్కింది. ఎక్కి, మరను చూసింది. గాడుల దగ్గర ఆమె చూపు ఆగింది.

గాడులు నిటారుగా లేస్తున్నాయి. తండ్రి చెక్కిన మరలో చుట్టుమీద చుట్టు దగ్గరదగ్గరగా, పడుకున్నట్టు ఉండేవి. వీటి మధ్య మూరెడు ఎడం ఉంది. శిల తొందరగా దిగాలని ఘూర్ణాక్షుడు పాత మరను పీకేసి, ఏటవాలుది కొత్తగా చెక్కించాడు. పైగా దానికి పుట్లకొద్దీ ఆముదం పట్టించాడు.

"ఆగండి యువరాజా!" అని ఆమె కేక పెట్టింది. "వాళ్ళను చంపకండి! ఇది మా నాయన మర కాదు! గడలు వదిలితే శిల పడిపోతుంది!"

కేక ఆలస్యమైంది. మొదటివాడి తల దొర్లడం చూసిన మిగతా భటులు గడలు వదిలి పరుగెత్తారు.

మర ఒక్కసారి మూలిగింది. శిల బరువు మరను కిందికి లాగింది. ఏటవాలు గాడులు కడియాన్ని వెనక్కి తోశాయి. మొదట మెల్లగా, తర్వాత గిర్రున, చివరికి కంటికి ఆనని వేగంతో గడలు తిరగసాగాయి. పారిపోతున్న ఇద్దరు భటుల వెన్నెముకలు చెరకుగడల్లా విరిగాయి. ఇంకొకణ్ణి గడ నడుము పట్టి విసిరితే, వాడు మండపం స్తంభానికి కొట్టుకుని ముద్దయ్యాడు. జయంధరుడు బోర్లా పడి తప్పించుకున్నాడు. గడ అతని తలగుడ్డను ఎగరగొట్టుకుపోయింది. కింద బందీలు ఒక్కసారిగా గొల్లుమన్నారు.

"కటకటాలు విరగ్గొట్టండి!" అని అరిచింది వజ్రిక. "నేను దీన్ని ఆపుతాను!"

జయంధరుడు పాక్కుంటూ వేదిక దిగి ద్వారం వైపు ఉరికాడు. వజ్రిక చుట్టూ చూసింది. గడలు బిగించడానికి వాడే నలుచదరపు గునపం నేలమీద ఉంది. గాడి మొనదేలిన కోణంలో ఉంటే, అందులో పెట్టిన గునపాన్ని వాలు గోడలు బయటికి నెట్టేసేవి. ఇది చదరపు గాడి. రెండు గోడలూ నిటారు. పట్టు దొరుకుతుంది.

ఆమె తిరిగే గడల కింద వెల్లకిలా జారుకుంటూ కడియం దాకా చేరింది. దిగజారుతున్న మర మీద గాడి ఎదురుగా రాగానే గునపాన్ని అందులోకి అడ్డంగా దూర్చింది. మర గునపాన్ని కిందికి ఈడ్చుకెళ్ళి కడియం అంచుకు కొట్టింది. వేదిక దద్దరిల్లింది. నిప్పురవ్వలు ఆమె జుట్టును కాల్చాయి. గడలు ఒక్క కుదుపుతో ఆగిపోయాయి.

శిల ఆగింది. గునపానికీ కడియానికీ మధ్య వజ్రిక ఎడమచేతి చిటికెనవేలు కూడా ఉంది. ఆమె పెదవి కొరుక్కుని, కుడిచేతితో ఉలి తీసుకుని, ఆ వేలును తానే తెగ్గొట్టుకుని బయటపడింది.

కింద గదిలో బందీలు నేలకు కరుచుకుని పడుకుని ఉన్నారు. శిల వాళ్ళ వీపులకు జానెడు ఎత్తులో ఆగింది. జయంధరుడు చచ్చిన భటుడి గద తీసుకుని కటకటాల మీద బాదాడు. ఇనుము వంగింది, రాయి పగిలింది, ద్వారం ఊడింది. మొదట ఒక పసిబిడ్డను ఎవరో బయటికి జరిపారు. తర్వాత తల్లి. తర్వాత ఒకరి వెనక ఒకరు పాములా పాకుతూ రాసాగారు.

"నాన్నగారూ! మీరు రండి!"

"అందరూ వచ్చాక వస్తాను నాయనా," అంది చీకట్లోంచి భూరిసేనుని గొంతు. "నా కాలు విరిగింది. నేను అడ్డం వస్తే వెనకవాళ్ళు ఆగిపోతారు."

మండపంలోంచి వికటాట్టహాసం వినిపించింది.

"భేష్ రా రాకుమారా! నీ రక్తం కూడా కావాలనుకున్నాను. నడుచుకుంటూ నువ్వే వచ్చావు!" అంటూ ఘూర్ణాక్షుడు చప్పట్లు చరిచాడు. "అయోభటా! లే!"

మండపం పక్క గోడ అనుకున్నది కదిలింది. రెండాళ్ళ ఎత్తు ఇనుప మనిషి. కళ్ళలో కణకణలాడే నిప్పులు, చేతులకు వేళ్ళ బదులు కొడవళ్ళు. ఒక్కొక్క అడుగుకు ఆవరణలోని రాళ్ళు చిట్లుతున్నాయి. దారిలో పడి మూలుగుతున్న తమ భటుడి తలను అది చింతకాయలా తొక్కి నలిపేసింది.

జయంధరుడు బందీలకు అడ్డంగా నిలిచాడు. మొదటి కొడవలి అతని ఖడ్గాన్ని రెండు ముక్కలు చేసింది. రెండోది అతని భుజం చర్మాన్ని ఒలిచింది. అతను కింద దొర్లి, గద ఎత్తి, ఇనుప మోకాలి మీద కొట్టాడు. గద చేతిలో జలదరించింది తప్ప మోకాలికి సొట్ట పడలేదు. మూడో వేటు తప్పించుకుంటూ తల ఎత్తి చూస్తే, దాని మెడ మీద సన్నటి మరచుట్లు కనిపించాయి. తలను మొండేనికి మరతో బిగించారన్నమాట!

అతను ద్వారపు రాయి మీదికి ఎగిరి, మరలు ఊడే వైపుకని, గదను ఎడమనుంచి కుడికి తిప్పి చెంప మీద కొట్టాడు. తల కిర్రుమని కదిలింది. జయంధరుడు ఉత్సాహంగా మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. కానీ ప్రతి దెబ్బకూ ఆ తల మొండెంలోకి ఇంకా దిగబడుతున్నది. కొడవలి అతని తొడను చీల్చింది. రక్తం కాలి మడమదాకా కారింది.

వేదిక మీదినుంచి వజ్రిక కేక వినిపించింది. "అటు కాదు! చుట్లు ఎడమవైపుకు ఎక్కుతున్నాయి చూడండి! అది ఎడమ మర! మీరు బిగిస్తున్నారు! కుడినుంచి ఎడమకు కొట్టండి!"

"ముందే చెప్పవచ్చుగా!" అని అరుస్తూ జయంధరుడు గదను చేయి మార్చాడు.

"ఇప్పుడే కనబడింది మరి!"

కుడినుంచి ఎడమకు కొట్టిన తొలి దెబ్బకు ఏమీ కాలేదు. అది మొనదేలిన మర. కోరపళ్ళలా కరుచుకుంటే ఒక పట్టాన వదలదు. జయంధరుడు పళ్ళు బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసి బాదాడు. తల గిర్రున ఒక చుట్టు తిరిగింది. అయోభటుడు రెండు కొడవళ్ళూ కలిపి అతని నడుముకు విసిరాడు. జయంధరుడు ఆ కొడవళ్ళ వెన్ను మీదే కాలు పెట్టి పైకెగిరి మరొక్క వేటు వేశాడు. తల బొంగరంలా తిరుగుతూ, మెడనుంచి ఊడి, ఆవరణ గోడకు తగిలి, నిప్పులు కక్కుతూ దొర్లింది. మొండెం కొన్ని అడుగులు గుడ్డిగా నడిచి, ఎదురుగా వస్తున్న భటుల గుంపు మీద కుప్పకూలింది. దాని కింద నలిగినవాళ్ళకు అరిచే వ్యవధి కూడా దొరకలేదు.

"నాన్నగారూ!" అంటూ జయంధరుడు ద్వారం వైపు తిరిగాడు. బందీలందరూ బయటికి వచ్చేశారు. లోపల మిగిలింది రాజొక్కడే. యువరాజు బోర్లా పడుకుని శిల కిందికి పాకాడు.

ఘూర్ణాక్షుడు ఎదురుచూసింది దానికే. వాడు మండపం మీదినుంచి గబ్బిలంలా వేదిక మీదికి దూకాడు. వజ్రిక ఉలితో ఎదురుతిరిగింది. వాడు ఆమె గాయపడిన చేతినే పట్టుకుని మెలిపెట్టి, ఆమె తలను మరకేసి కొట్టాడు.

"నీ తండ్రిని ఇక్కడే చంపాను," అన్నాడు పళ్ళు కొరుకుతూ. "వాడు కూడా నీలాగే వాలు గురించి నీతులు చెప్పాడు."

వాడు మరకు పూయడానికి వేదిక మీద ఉంచిన కూజా ఎత్తి మర మీద ఆముదం గుమ్మరించాడు. రెండు కాళ్ళతో గునపాన్ని తన్నాడు. నూనెలో తడిసిన గునపం జరిగింది. ఇంకో తన్నుకు ఊడి ఎగిరిపోయింది. గడలు మళ్ళీ కదిలాయి.

వజ్రిక నేలమీదినుంచే వాడి జడలు రెండు చేతులా ఒడిసిపట్టి వెనక్కి లాగింది. వాడు నూనెలో కాలు జారి, నిలదొక్కుకోవడానికి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి మర గాడిలో పడింది. దిగుతున్న మర ఆ చేతిని కడియంలోకి లాక్కుంది. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి! ఎముకలు పటపటమని విరుగుతుంటే మాంత్రికుడి అరుపుకు బురుజుల మీది రేకులు మోగాయి. నలిగిన ఎముక గాడిలో ఇరుక్కుని మర ఒక్క క్షణం తడబడింది.

ఆ క్షణం జయంధరునికి చాలింది. తండ్రిని రెండు చేతులతో పట్టి ద్వారం గుండా బయటికి నెట్టాడు. బయట బందీలు రాజును అందుకుని లాగారు.

"నాయనా! నువ్వు!" అన్నాడు భూరిసేనుడు చేతులు చాచి.

వేదికపైన ఘూర్ణాక్షుడు మొలలోని కటారి లాగి, తన చేతిని తానే భుజం దగ్గర నరుక్కుని వెనక్కి పడ్డాడు. మర వదులైంది. కొండలు పగిలినట్టు మృత్యుశిల కిందికి దూకింది. జయంధరుడు, బందీల రక్తం పారడానికి గది మూలన తవ్విన కాలువలోకి దొర్లాడు. శిల నేలను తాకింది. నేల నిలవలేదు. రాతిపలకలు పెంకుల్లా పగిలి, గదీ శిలా మరా యువరాజూ కలిసి కింద తెరుచుకున్న అగాధంలోకి జారిపోయారు. చాలాసేపటి తర్వాత, ఎక్కడో లోతున, నీళ్ళు ఎగసిపడ్డ చప్పుడు వినిపించింది.

వజ్రిక బిలం అంచుకు పాకి, "యువరాజా!" అని పిలిచింది.

ఆమె వెనక ఒక వింత జరిగింది. ఒంటి చేతితో నెత్తురోడుతున్న ఘూర్ణాక్షుడు లేచి ఆ బిలాన్ని చూశాడు. వాడి పచ్చని కనుగుడ్లు తిరగడం ఆగిపోయింది. బందీలు తప్పించుకున్నప్పుడు గానీ, చెయ్యి పోయినప్పుడు గానీ కనబడని భయం అప్పుడు వాడి ముఖంలో కనబడింది.

"మూసేయండి!" అని వాడు కీచుగొంతుతో అరిచాడు. "రాళ్ళు వేయండి, శవాలు వేయండి, ఏవైనా వేసి ఆ బిలాన్ని మూసేయండి!" వినడానికి భటులు ఎవరూ మిగలలేదు. వాడు వెనక్కి వెనక్కి నడిచి, ఒక్కసారిగా ద్వారం వైపు పరుగు లంకించుకున్నాడు.

వజ్రిక వాణ్ణి తరమలేదు. తెగిన వేలుకు చీరకొంగు చింపి చుట్టింది. కోటలోని గొలుసు ఒకటి తెచ్చి, "మహారాజా, అందరూ కలిసి ఈ కొస విడవకుండా పట్టుకోండి," అని భూరిసేనుని చేతికిచ్చి, రెండో కొస నడుముకు బిగించుకుని బిలంలోకి దిగసాగింది.

లోతున, మంచులాంటి నీళ్ళలో, జయంధరుడు మునిగి తేలుతున్నాడు. తొడ గాయం మంటెత్తుతున్నది. పాతాళపు ఏరు అతన్ని చీకట్లోకి ఈడ్చుకుపోతున్నది. ఊపిరి అందని స్థితిలో చేతులు చాచి వెతికితే నాచుపట్టిన బండ ఒకటి తగిలింది. ప్రాణాలు లేచొచ్చినట్టయి, దాన్ని రెండు చేతులా వాటేసుకుని చెంప ఆనించాడు.

బండ వెచ్చగా ఉంది.

అతను కదలకుండా ఉండిపోయాడు. చెంప కింద, ఆ నాచు పొరల లోపల, బండ నిదానంగా ఊపిరి పీల్చుకుంది.